మట్టి పుచ్చుకోని మనిషి

ఆ శనివారం పొద్దున మక్రీనా సీసాడు ఎర్ర ద్రాక్షారసమూ, ఉతికి ఆరేసిన తెల్లగుడ్డా, వడ్రంగి చేసిచ్చిన చిన్న చెక్కపెట్టే పట్టుకుని శ్మశానానికి బయల్దేరింది. మూడేళ్ళ కింద పాతిపెట్టిన భర్తను ఇవాళ పైకి తియ్యాలి. ఎముకలు ద్రాక్షారసంతో కడగాలి. పెట్టెలో సర్ది, చర్చి వెనక గదిలో మిగతా పెట్టెల పక్కన పెట్టాలి. ఆ ఊళ్ళో అందరికీ అంతే. నేల కొంచెం, పోయేవాళ్ళు ఎక్కువ. మనిషికి మూడేళ్ళే గడువు. ఆలోగా మట్టి తన పని పూర్తిచెయ్యాలి.

ఎముకలు మైనం రంగులో శుభ్రంగా బయటపడితే పోయినవాడికి క్షమాపణ దొరికినట్టు. అలా రాకపోతే ఎవరి ఉసురో తగిలినట్టు.

కొడుకు అనెస్తిస్ తవ్వాడు. చివరి జానెడు మట్టి ఆడవాళ్ళే చేతులతో తియ్యాలి కనుక మక్రీనా గోతిలోకి దిగింది. ముందు బూటు తగిలింది. లేసు ముడి అలాగే ఉంది. ఆ ముడి ఆమె వేసిందే. తర్వాత కోటు. కోటు లోపల మనిషి ఉన్నాడు.

ఆమె ముఖం దాకా వెళ్ళలేదు. తెల్లగుడ్డ కప్పి పైకి వచ్చింది.

"పుచ్చుకోలేదు," అంది వియ్యపురాలు మాలామో, శిలువ గుర్తు వేసుకుంటూ. "మట్టి పుచ్చుకోలేదు వదినా."

పాదిరి థీమియోస్ వంగి, గోతి అంచున మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపాడు. అది నలగలేదు, సాగింది.

"బంకమట్టమ్మా ఇది. పక్కనే కాలవ. నీళ్ళు నిలిచే చోట మనిషి అలాగే ఉంటాడు. ఇందులో పాపమూ లేదు, పుణ్యమూ లేదు."

"మా ఆయన మైనంలా వచ్చాడుగా అయ్యగారూ!"

"మీ ఆయన మెరక మీద ఉన్నాడు మాలామో. ఊరివాళ్ళకి మెరక, వలస వచ్చినవాళ్ళకి పల్లం. అలా పంచింది మీ మామగారి తరమే."

"ఆ పంచినవాళ్ళు కూడా శుభ్రంగానే వచ్చారు," అంది మాలామో.

గోతి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలూపారు. ఇక్కడ తన మాట చెల్లదని పాదిరికి తెలుసు. క్షమాపణ ప్రార్థన చదివి, మళ్ళీ పూడ్చమన్నాడు. రెండేళ్ళాగి చూద్దామన్నాడు. వెళ్ళబోతూ మక్రీనా దగ్గర ఆగాడు. "ఆయన మీద ఎవరికైనా మనసులో ఏమన్నా ఉంటే, వచ్చి ఒక్క మాట అనమను. పోయేదేముంది."

మూత తియ్యని సీసాతో ఆమె ఇంటికి వచ్చింది.

ఇంట్లో ఉయ్యాలలో పాలుతాగే పిల్లవాడు ఉన్నాడు. అనెస్తిస్ మొదటి కొడుకు. మొదటి మగబిడ్డకు తండ్రి తండ్రి పేరే పెట్టాలి, అందులో ఆలోచించేదేమీ లేదు. కాని బాప్తిస్మం అయ్యేదాకా ఆ పేరు నోట రాకూడదు. అందాకా మగపిల్లవాణ్ణి ఇంట్లోవాళ్ళూ ఊరివాళ్ళూ రాకాసి అనే పిలుస్తారు. వచ్చే నెల ఎలియా ప్రవక్త పండుగనాడు ఈ రాకాసి నీళ్ళలో మునిగి ప్రోద్రొమోస్ అయి పైకి లేవాలి. భర్త పోయిన దగ్గర్నుంచీ మక్రీనా ఎదురుచూస్తున్నది ఆ ఒక్క పిలుపు కోసమే. ఆ పేరు కప్పదొకియ నుంచి ఆమెతో వచ్చింది. ఈ మైదానంలో ఇంకెవరికీ లేదు.

వెంట వచ్చిన మాలామో చేతులు కడుక్కుంటూనే అంది: "ఆ పేరు వద్దు వదినా."

"ఏ పేరు?"

"తెలిసే అడుగుతావేం? మట్టికే అక్కర్లేని పేరు పసివాడికి పెడతావా? మా ఆయన పేరు ఉంది. శుభ్రమైన పేరు."

కోడలు వాయా తల్లి వైపు చూసింది, అత్త వైపు చూసింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని లోపలి గదిలోకి పోయింది. సాయంత్రానికి ఉయ్యాలకు దిష్టి తగలకుండా ఇంకో వెల్లుల్లిపాయ వేలాడుతోంది.

కప్పదొకియలో మక్రీనా పుట్టిన ఊళ్ళో ఇళ్ళు రాతిలో తొలిచినవి. పైఅరల్లో పావురాలు ఉండేవి. చర్చి కూడా రాతిలోనే. దాని గోడల మీద సాధువుల బొమ్మలు ఎంత పాతవో చెప్పగలిగినవాళ్ళు లేరు. తమను ఏలిన చక్రవర్తి ఒకప్పుడు నగరంలో ఉండేవాడని, ఆ నగరం టర్కుల చేతికి పోయిందని, ఎప్పుడో మళ్ళీ తమ చేతికి వస్తుందని ముసలివాళ్ళు చెప్పేవారు. చెప్పేది టర్కీ భాషలో. ఆ ఊళ్ళో ఇంట్లో, సంతలో, పొలంలో అందరిదీ టర్కీ మాటే. గ్రీకు చర్చిలో వినిపించేది, అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడం వల్లే అది దేవుడి భాష అని మక్రీనా అనుకునేది.

ఆమెకు పెళ్ళయిన కొత్తలో టర్కీ, గ్రీకు ప్రభుత్వాలు రెండూ ఎక్కడో బల్ల దగ్గర కూర్చుని మనుషుల్ని మార్చుకున్నాయి. ముస్లిములు అటు, క్రైస్తవులు ఇటు. ఏ భాష మాట్లాడతావని ఎవరూ అడగలేదు. తండ్రి ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింటి అహ్మదు చేతిలో పెట్టి, పావురాలకు గింజలు వెయ్యమని చెప్పాడు. పడవ దిగినచోట అందరికీ జుట్టు గొరిగి బట్టలు ఉడకబెట్టారు. అక్కణ్ణుంచి ఈ చిత్తడి మైదానానికి పంపారు. దోమలు, జ్వరాలు. తొలి ఇద్దరు బిడ్డలు జ్వరానికే పోయారు. ప్రభుత్వం ఇచ్చిన పొలం ఒకటి, గాడిద ఒకటి మిగిలాయి. తర్వాత పుట్టినవాడికి అనెస్తిస్ అని పేరు పెట్టారు, మళ్ళీ లేచినవాడని.

ఊరివాళ్ళు వీళ్ళను పెరుగులో బాప్తిస్మం పొందినవాళ్ళు అనేవారు. అన్నిటిలోనూ పెరుగు పోసుకు తింటారు కనుక, అసలు నీళ్ళు తగిలాయో లేదో అని అనుమానం. ఆ మాట మొదట అన్నది ఎవరో కాని ఎక్కువసార్లు అన్నది మాలామోనే. ఆమె తలమీద ఎత్తైన కుచ్చుల పాగా ఉంటుంది. ఆ మైదానంలో పాతకాపు ఆడవాళ్ళది మాత్రమే ఆ పాగా. యుద్ధంలో వెనకడుగు వేసిన మగవాళ్ళ తలల మీంచి శిరస్త్రాణాలు తీసి అలెగ్జాండరే తమ ఆడవాళ్ళకు పెట్టాడని, అప్పట్నుంచి దించలేదని ఆమె చెబుతుంది. "మావాళ్ళు ఈ మట్టిలోంచే మొలిచారు," అంటుంది.

బడికి పోయిన కొత్తలో అనెస్తిస్ ఒకరోజు వచ్చి అడిగాడు. "అమ్మా, మన పూర్వీకులు పాలరాతి గుళ్ళు కట్టారట. మేష్టారు చెప్పాడు. నిజమేనా?"

"మన పూర్వీకులు పావురాలు పెంచారు నాయనా," అంది మక్రీనా.

కరువేడు, జర్మన్లు ధాన్యం తోలుకుపోయిన చలికాలం, అడవి ఆకు ఎక్కడ దొరుకుతుందో మక్రీనాకు తెలుసు, దాచిన మొక్కజొన్నపిండి ఎక్కడుందో మాలామోకు తెలుసు. ఆ చలికాలం రెండు కుండలూ ఒక్క పొయ్యి మీదే ఉడికాయి. తర్వాత అన్నదమ్ములే కొండల్లో ఒకర్నొకరు కాల్చుకున్న ఏళ్ళు వచ్చాయి, పోయాయి. ఆ పైన అనెస్తిస్ వాయాను చేసుకుంటానన్నాడు. మాలామో అలిగి మంచమెక్కింది. పెళ్ళినాడు దిగి, అందరికంటే ముందు ఆడింది.

పాదిరి చెప్పినట్టే మక్రీనా కబురు పెట్టింది. వారమంతా జనం వచ్చారు. కాఫీ తాగారు, "దేవుడు క్షమించుగాక" అన్నారు. కాఫీకొట్టు యజమాని అరటీసు నవ్వు ఆపుకుంటూ చెప్పాడు: "పాచికలు వేసేముందు చేతిలో ఊదుతూ దొంగచూపు చూసేవాడు అక్కా. ఒక్కసారీ నన్ను గెలవనివ్వలేదు. పోనీ, క్షమించాను." మిల్లు నడిపేవాడు తనకు గుర్తేమీ లేదన్నాడు, అయినా క్షమించి రెండో కాఫీ తాగాడు.

మాలామో చివరికి వచ్చింది. గుమ్మంలో గడపరాయి మీద, తన మామూలు చోట, చతికిలబడింది. ఒళ్ళో చిక్కుడుకాయల చేట పెట్టుకుంది.

"నా పాగాని చూసి కోడిపుంజు కూసిందా అని అడిగాడొకసారి. చర్చి ముందు, అందరి ఎదురుగా. అదీ క్షమించాను."

"మరి పేరు?"

"అది వేరు. నేను క్షమిస్తే చాలదు వదినా. ఎవరో మిగిలారు. ఎవరో ఒకరు క్షమించలేదు. వాళ్ళు అననంతకాలం మట్టి కరగనివ్వదు."

మక్రీనా ఆమె ముఖం చూడలేదు. ఆమె కూర్చున్న రాయి చూసింది.

అది యుద్ధానికి ముందటి మాట. పల్లపు మూలలో నాగలి ఆగిపోయింది. ప్రోద్రొమోస్ తవ్వి చూస్తే నిటారుగా పాతిన పాలరాతి పలక ఒకటి, దాని కింద లోతుగా రాతిగొయ్యి, గోతిలో ఎముకలు. పలక మీద కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, ఎదురుగా నిలబడిన మగమనిషి. ఇద్దరూ చేతులు పట్టుకుని ఉన్నారు. ఊరెళ్ళేవాళ్ళు వదల్లేక పట్టుకున్నట్టు. ప్రోద్రొమోస్ గోతిని పూడ్చేశాడు. పాత రాళ్ళు దొరికినచోట ప్రభుత్వం కంచె వేస్తుందని అందరికీ తెలుసు. పలకను మాత్రం వదల్లేకపోయాడు. అంత చదునైన రాయి ఎక్కడ దొరుకుతుంది? తెచ్చి, బొమ్మలు కిందికి తిప్పి, గడపగా వేశాడు. మక్రీనాకు ఒక్కదానికే చెప్పాడు. మొదట్లో ఆమె ఆ గడప తొక్కకుండా దాటేది. తర్వాత మరిచిపోయింది.

ఊళ్ళో అందరూ వచ్చి క్షమించి వెళ్ళారు. క్షమించమని అడగనిది ఆ రాతి మీది ఇద్దరినే.

ఆ మాట చెబితే అనెస్తిస్ చేతిలోని రొట్టె బల్ల మీద పెట్టేశాడు. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీ పొలం కదా. భయపడతావని."

"ఇప్పుడు భయపడటం లేదనుకున్నావా? పక్కూళ్ళో ఒకాయన కుండపెంకులు దొరికాయని నోరుజారాడు. ఇవాళ తన పొలంలోకి తనే అడుగు పెట్టలేడు. మనకీ కంచె వేస్తే ఏం తింటాం? ఆ రాయి తింటామా?"

"ఊళ్ళో ఎవరికీ చెప్పను. వాళ్ళిద్దరికీ చెప్పాలి. రాయి వాళ్ళ చోట లోతుగా పెట్టి పూడ్చేద్దాం. ఆ మూల ఇక దున్నొద్దు."

"పత్తి బాగా కాసేది ఆ మూలేనమ్మా."

"తెలుసు," అంది మక్రీనా. "అది కూడా ఇచ్చేయాలి."

అనెస్తిస్ బల్ల మీది రొట్టెను పక్కకు జరిపాడు. లోపల పిల్లవాడు ఏడ్చాడు. వాయా సముదాయించింది. "రాయిని లాగాలంటే కంచరగాడిద కావాలి," అన్నాడతను చివరికి. "మా అత్త దగ్గరుంది. ఆవిడతో మాత్రం నువ్వే మాట్లాడు."

మక్రీనా మాలామో ఇంటికి వెళ్ళి నిలబడే చెప్పింది. "మీ వాళ్ళ దగ్గర తీసుకున్న వస్తువు ఒకటి మా ఇంట్లో ఉంది. తిరిగి ఇచ్చేయాలి. కంచరగాడిద ఇస్తావా?"

"మా వాళ్ళ దగ్గరా? ఏం వస్తువు? రాగి బానా?"

"వచ్చి చూడు."

మిట్టమధ్యాహ్నం ఎంచుకున్నారు. ఆ ఎండలో ఊరు తలుపులేసుకుని నిద్రపోతుంది, కుక్కలు కూడా మొరగవు. అనెస్తిస్ గునపం దూర్చి గడపరాయిని లేపాడు. అది తిరగబడి గడ్డి మీద వెల్లకిలా పడింది. అడుగున తడిమట్టి, దానిలోంచి రెండు చేతులు.

మాలామో మోకాళ్ళ మీద కూర్చుంది.

"నువ్వు ఇన్నేళ్ళూ కూర్చున్నది వీళ్ళ మీదే వదినా," అంది మక్రీనా. ఎక్కడ దొరికిందో, ఎలా వచ్చిందో చెప్పింది. "మీ వాళ్ళు ఈ మట్టిలోంచే మొలిచారని నువ్వే అంటావుగా. మా ఆయన వీళ్ళ రాయి ఎత్తుకొచ్చి వీళ్ళ ముఖాల మీద మమ్మల్ని నడిపించాడు. క్షమించాలంటే నువ్వే క్షమించాలి. ఇంకెవరున్నారు వీళ్ళకి?"

మాలామో ఒడిగుడ్డ కొంగుతో కూర్చున్న ఆడమనిషి ముఖం తుడిచింది. నుదురు తుడిచింది. జుట్టు దగ్గర ఆగి, అటూ ఇటూ తుడిచి చూసింది. ఆ తలమీద పాగా లేదు. జుట్టు వెనక్కి దువ్వి ముడి వేసుకుంది, అంతే. మాలామో చెయ్యి తన పాగా దాకా వెళ్ళి దిగింది.

"ఎవరి మనిషో నాకేం తెలుసు," అంది మెల్లగా.

అనెస్తిస్ వంగి కింద చెక్కిన అక్షరాలు వేలితో తడిమాడు. "పేర్లు అరిగిపోయాయి. ఒక్కటే మిగిలింది. హేరే."

"హేరే?" మాలామో తలెత్తింది. "అది మనం దారిలో ఎదురైనప్పుడు అనుకునే మాటే కదా."

"పోయేవాళ్ళకి కూడా అదే అనేవాళ్ళేమో అత్తా. సంతోషంగా ఉండమని."

"అయ్యో దేవుడా. దీనిమీద కూర్చుని ఎన్ని చిక్కుళ్ళు వలిచాను," అంది మాలామో. నవ్వబోయింది, నవ్వు రాలేదు.

రాయిని చెక్కబల్ల మీద కట్టి, పైన గడ్డి కప్పి, గాడిదకు తగిలించారు. మక్రీనా పొద్దున్నే గోధుమ గుగ్గిళ్ళు ఉడికించింది. దానిమ్మ దొరికే కాలం కాదు కనుక ఎండుద్రాక్ష, బాదం, చక్కెర కలిపింది. పోయినవాళ్ళ కోసం ఎవరు చేసినా అవే చేస్తారు. మూత తియ్యని ద్రాక్షారసం సీసా కూడా బుట్టలో పెట్టుకుంది.

పల్లపు మూలలో అనెస్తిస్ నడుంలోతు తవ్వాడు. రాతిగొయ్యి అంచు తగిలాక పార పక్కన పెట్టి పైకి వచ్చాడు. మక్రీనా దిగింది. మాలామో పాగా సర్దుకుని తనూ దిగింది. చివరి జానెడు ఇద్దరూ చేతులతో తీశారు.

ఎముకలు కొన్నే ఉన్నాయి. తొడ ఎముక, పుర్రెలో సగం, చేతివేళ్ళవి కొన్ని. మైనం రంగులో ఉన్నాయి.

"ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడు," అంది మాలామో అలవాటుగా. అని ఆగింది. ఎముకను చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. "వీళ్ళకి చర్చి లేదు. పాదిరి లేడు. బాప్తిస్మమే లేదు. వీళ్ళనెవరు క్షమించారు వదినా?"

మక్రీనా ఇంకో ఎముక మీది మట్టి వేలితో రాల్చింది.

"అడుగున ఇసక ఉందత్తా," అన్నాడు అనెస్తిస్ పైనుంచి. "చూడు, తడి లేదు. నీళ్ళు పడితే దిగిపోతాయి."

మాలామో గోతి అడుగున చెయ్యి పెట్టి పిడికెడు తీసింది. వేళ్ళ మధ్య నుంచి ఇసక జారిపోయింది. ఆమె దాన్ని మొత్తం జారిపోయేదాకా చూసింది. పాదిరి వేళ్ళ మధ్య సాగిన మట్టి ఆమె కూడా చూసింది, ఆ శనివారం.

మక్రీనా సీసా మూత తీసింది. మూడేళ్ళు ఆమె మనసులో కడిగిన ఎముకలు వేరు. ఇప్పుడు చేతిలో ఉన్నవి వేరు. అయినా చేతులు తమ పని తాము చేశాయి. పుర్రె ముందు, తర్వాత పొడుగు ఎముకలు, చివర వేళ్ళవి. మాలామో పోసింది, మక్రీనా కడిగింది. తెల్లగుడ్డ ఒకటే ఉండేది, అది ప్రోద్రొమోస్ మీద ఉండిపోయింది. మాలామో తన ఒడిగుడ్డ విప్పి పరిచింది.

ఎముకలు తిరిగి సర్దాక మక్రీనా క్షమాపణ అడగాలి. చర్చి గ్రీకులో నాలుగు మాటలు ఆమెకు కంఠతా వచ్చు. అవి నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. అవి దేవుడితో మాట్లాడే మాటలు. మనిషిని క్షమించమని ఎలా అడగాలో ఆమె తల్లి దగ్గర నేర్చుకుంది. అందుకని టర్కీలో అడిగింది. మా ఆయన బీదవాడు, గడప లేని ఇల్లు, రాయి చదునుగా ఉంది, తెచ్చాడు, తిరిగి తెచ్చాను, హలాల్ చెయ్యండి, మా బాకీ మనసారా వదిలెయ్యండి అంది. ఆ రాతి మనుషులు ఏ భాష ఎరుగుదురో ఆమెకు తెలియదు. ఈ భాష మాత్రం వాళ్ళు ఎప్పుడూ విని ఉండరు.

ముప్పై ఏళ్ళుగా ఆ భాష వినిపిస్తే మూతి తిప్పుకునే మాలామో ఈసారి తిప్పుకోలేదు. మక్రీనా ముగించేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. తర్వాత గ్రీకులో, రాతి ఆడమనిషి తరఫునో తన తరఫునో తెలియకుండా, "దేవుడు క్షమించుగాక," అంది.

రాయిని గోతి మీద, ముఖాలు పైకి ఉండేలా పరిచారు. ఇంకెవరూ వాటి మీద నడవరు. నాగలి అందనంత లోతులో ఉంది. అనెస్తిస్ మట్టి లాగాడు, పైన తొక్కకుండా పార వెనకవైపుతో సర్దాడు. ఆ మూల చుట్టూ నాలుగు రెల్లుపుల్లలు గుచ్చి, పత్తిచేను వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. గుగ్గిళ్ళు ముగ్గురూ పంచుకుని, గట్టు మీద కూర్చుని తిన్నారు. మిగిలినవి మక్రీనా మట్టి మీద చల్లింది.

"చక్కెర ఎక్కువేశావు," అంది మాలామో.

"వాళ్ళకి ఎలా ఇష్టమో తెలియలేదు."

"తెలియకపోతే తక్కువెయ్యాలి."

ఎండ వాలడం మొదలైంది. ఊళ్ళో ఎక్కడో తలుపు తీసిన చప్పుడు వినిపించింది. మాలామో లేచి, బట్టలకంటిన ఇసక దులుపుకుని, గాడిదను మలిపింది.

"పదండి పదండి. ప్రోద్రొమోస్ పాలకి ఏడుస్తూ ఉంటాడు. మా అమ్మాయి ఒక్కతే ఉంది."

మక్రీనా అడుగు ఆగింది. అనెస్తిస్ పార భుజాన పెట్టుకోబోయి అలాగే నిలబడ్డాడు.

"వదినా," అంది మక్రీనా. "నీళ్ళలో ముంచకముందు పేరు పలకకూడదు."

"ఎవరు విన్నారు?" మాలామో వెనక్కి తిరిగి, కొత్తగా సర్దిన మట్టి వైపు చూసింది. "వాళ్ళు చెప్పరులే."

గాడిద చెళ్ళున తోక విసిరి కదిలింది. మక్రీనా ఖాళీ సీసా ఎత్తి, తలకిందులు చేసి, చివరి చుక్క రాలేదాకా ఆగి, బుట్టలో పెట్టుకుంది. రెండేళ్ళ తర్వాత దానితో మళ్ళీ పని ఉంది.